ఉద్యోగం పోయాక ‘నాకేం ఇష్టం?’ అన్న ప్రశ్న

పదిహేనేళ్లు ఒకే రంగంలో పనిచేసిన ఇంజనీర్‌కో, అకౌంటెంట్‌కో, ఆర్కిటెక్ట్‌కో ఉన్నట్టుండి ఉద్యోగం పోతే, కొన్ని వారాల్లోపే ఎవరో ఒకరు అడుగుతారు: ‘ఇప్పుడేం చేద్దామనుకుంటున్నారు?’ సాధారణంగా వినిపించే జవాబులు రెండు. ‘ఏదైనా సరే, ముందు ఒక ఉద్యోగం దొరికితే చాలు’ అనేది ఒకటి. ‘ఇక ఈ ఫీల్డే వద్దు, పూర్తిగా వేరే ఏదైనా చేస్తాను’ అనేది రెండోది. వినడానికి ఇవి ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. కానీ ఆ మనిషికి ఏ పని ఇష్టమో రెండింటిలో దేనిలోనూ లేదు. మొదటి మాట భయంలోంచి వస్తుంది, రెండోది దెబ్బ తిన్న బాధలోంచి వస్తుంది. రెండూ సహజమే, రెండూ నిజాయితీగా అనే మాటలే. అయితే వాటినే కెరీర్ ఆసక్తిగా లెక్కగట్టి దాని మీద మూడేళ్ల కోర్సో, పొదుపు మొత్తం పెట్టే వ్యాపారమో మొదలుపెడితే, తర్వాత సరిదిద్దుకోవడం చాలా కష్టం.

అందుకే ఆసక్తి అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. దాన్ని కొలిచే ప్రయత్నం దాదాపు నూరేళ్ల నాటిది. అమెరికన్ మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ స్ట్రాంగ్ 1927లో ఇందుకోసం ఒక ప్రశ్నావళి ప్రచురించారు. ఒక వృత్తిలో స్థిరపడినవారి ఇష్టాయిష్టాలతో ప్రశ్నావళి నింపినవారి ఇష్టాయిష్టాలు ఎంతవరకు కలుస్తాయో చూడటం ఆయన పద్ధతి. 1959లో మరో మనస్తత్వవేత్త జాన్ హాలండ్ ఇంకో అడుగు ముందుకు వేసి ఆసక్తులను ఆరు రకాలుగా వర్గీకరించారు. యంత్రాలతో, పనిముట్లతో, చేతులతో చేసే పనులు ఒక రకం. పరిశోధించి, విశ్లేషించి తేల్చేవి రెండోది. కొత్తగా సృష్టించేవి, మనుషులకు నేర్పేవి లేదా సాయపడేవి, ఒప్పించి నడిపించేవి, పద్ధతి ప్రకారం లెక్కలూ రికార్డులూ చూసుకునేవి మిగిలిన నాలుగు. అమెరికా కార్మిక శాఖ తరఫున నడిచే ఓనెట్ అనే వృత్తుల సమాచార వ్యవస్థ ఇప్పటికీ ఈ ఆరింటినే వాడుతోంది.

ఈ ఆరింటిలో ఎక్కడా ఉద్యోగం పేరు లేదు, పరిశ్రమ పేరూ లేదు. ఉన్నవన్నీ పనులే. వృత్తి నిపుణులు తరచూ పొరపాటు పడేది ఇక్కడే. పదేళ్లు, ఇరవై ఏళ్లు ఒక హోదా పేరుతో బతికాక, ‘నేను ఆడిటర్‌ని’, ‘నేను నెట్‌వర్క్ ఇంజనీర్‌ని’ అన్న మాటే తమ ఆసక్తికి పర్యాయపదం అయిపోతుంది. ఉద్యోగం పోగానే ఆ పేరు పోతుంది, దాంతోపాటు ఆసక్తీ పోయినట్టు అనిపిస్తుంది.

ఒకే కంపెనీలో ఒకే రోజు ఉద్యోగం పోయిన ఇద్దరు అకౌంటెంట్లను ఊహించుకోవచ్చు. ఇద్దరి రెజ్యూమెలూ పక్కపక్కన పెడితే తేడా కనిపించదు. ఒకరికి టాలీ కాని లెక్క ఒకటి కనిపిస్తే చాలు, అది ఎక్కడ తప్పిందో పట్టుకునేదాకా నిద్ర పట్టదు. ఇంకొకరికి ఆ పని విసుగు. కానీ నెలాఖరుకి లెక్కలు ముగిశాక, అంకెలంటే బెదిరిపోయే సేల్స్ మేనేజర్ పక్కన కూర్చుని ‘మీ ఖర్చు ఇక్కడ పెరిగింది చూడండి’ అని అర్థమయ్యేలా చెప్పడంలో ఆనందం ఉంది. మొదటి వ్యక్తిది పరిశోధించే ఆసక్తి, రెండో వ్యక్తిది నేర్పే ఆసక్తి. ఇద్దరినీ కలిపి ‘అకౌంటింగ్ అంటే ఇష్టమా, కాదా?’ అని అడిగితే ఇద్దరి నుంచీ పనికొచ్చే సమాధానం రాదు. మొదటివారికి మోసాలను వెలికితీసే ఆడిట్ పనో, డేటా విశ్లేషణో నప్పుతుంది. రెండోవారికి శిక్షణ ఇచ్చే పనో, చిన్న సంస్థలకు ఆర్థిక సలహాలిచ్చే పనో నప్పుతుంది. ఇద్దరూ ఫీల్డ్ పూర్తిగా వదలనక్కర్లేదు. ఇద్దరూ పాత కుర్చీ కోసమే ఎదురుచూడనూ అక్కర్లేదు.

ఆసక్తులు లేఆఫ్ నోటీసుతో మారిపోవు. ఏళ్ల తరబడి ఒకే వ్యక్తులను గమనించిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2005లో చేసిన ఒక పెద్ద సమీక్ష ఇదే చెప్పింది. కౌమారంలో కొంత ఊగిసలాడే ఆసక్తులు పద్దెనిమిది, ఇరవై రెండేళ్ల మధ్య గట్టిగా కుదురుకుని, నడివయసు దాకా దాదాపు అలాగే నిలుస్తాయి. నలభై ఏళ్ల మనిషి నిన్నటిదాకా ఇష్టపడిన పనులను ఉద్యోగం పోయిన నెలలో అసహ్యించుకుంటున్నారంటే, మారింది ఆసక్తి కాకపోవచ్చు. ఆ పని చుట్టూ పేరుకున్న వేరే ఏదో ఉండే అవకాశమే ఎక్కువ: గౌరవం లేని బాస్, రాత్రి పదకొండింటికి కూడా ఆగని కాల్స్, చివరి ఏడాది పడిన టెన్షన్, వెళ్లగొట్టిన తీరు. వీటిని పని నుంచి విడదీసి చూడటానికి కొంత సమయం పడుతుంది.

ఆ సమయం ఎలా గడుస్తుందో చూపించిన ఒక పాత అధ్యయనం ఉంది. 1970ల మొదట్లో అమెరికాలో రక్షణ, అంతరిక్ష రంగాల ఖర్చు తగ్గించడంతో వేలమంది ఇంజనీర్లు, శాస్త్రవేత్తలు రోడ్డున పడ్డారు. అప్పటిదాకా నిరుద్యోగం అంటే ఫ్యాక్టరీ కార్మికుల సమస్య అన్నట్టే చూసేవారు. డగ్లస్ పావెల్, పాల్ డ్రిస్కాల్ అనే పరిశోధకులు బోస్టన్ పరిసరాల్లో ఉద్యోగం పోయిన 75 మంది నిపుణులతో మాట్లాడి, 1973లో తమ పరిశీలనలు ప్రచురించారు. వారు గుర్తించిన దశలు నాలుగు. మొదట ఊరట, విశ్రాంతి. ఎప్పుడు పోతుందో అన్న భయం తీరిపోయింది కాబట్టి కాస్త తేలికపడతారు. తర్వాత గట్టి ప్రయత్నం. పద్ధతిగా దరఖాస్తులు పెడతారు, పరిచయస్తులందరికీ ఫోన్లు చేస్తారు. అది ఫలించకపోతే ఊగిసలాట, సందేహం. ప్రయత్నం ఒకరోజు జోరుగా, పది రోజులు ఏమీ లేకుండా సాగుతుంది, ఇంట్లో చిరాకులు మొదలవుతాయి. చివరిది నిర్లిప్తత, విరక్తి.

ఈ దశలు అందరిలో ఒకే వరుసలో, ఒకే వేగంతో రావు. పదవీ విరమణకు దగ్గరపడినవారికి, ఇంట్లో మరో జీతం ఉన్నవారికి, ఒంటరిగా కుటుంబాన్ని నెట్టుకొస్తున్నవారికి అనుభవం వేరువేరుగా ఉంటుంది. అయినా కెరీర్ ఆసక్తి కోణంలో ఈ దశలను చూస్తే ఒక విషయం బయటపడుతుంది. ఆసక్తి గురించి ఆలోచించడానికి అనువైన కాలం మొదటి రెండు దశలే. మనసు కాస్త నిలకడగా ఉంటుంది, చేతిలో డబ్బు ఇంకా కొంత మిగిలి ఉంటుంది. కానీ ఆ రోజుల్లో ఎవరూ దాని గురించి ఆలోచించరు, ఎందుకంటే పాతదిలాంటి ఉద్యోగమే మళ్లీ వస్తుందన్న నమ్మకం బలంగా ఉంటుంది. ‘అసలు నాకేం ఇష్టం?’ అన్న ప్రశ్న చాలామందిలో మూడో దశలో లేస్తుంది, నలభై తిరస్కరణల తర్వాత. అప్పటికి ఆ ప్రశ్నకు ప్రశాంతంగా జవాబు వెతికే ఓపిక ఉండదు. అందుకే ఆ స్థితిలో పుట్టే కెరీర్ మార్పు ఆలోచనల్లో కొత్తదాని మీద ఇష్టం కంటే పాతదాని నుంచి పారిపోవాలన్న తపన ఎక్కువగా కనిపిస్తుంది. దూరపు కొండలు నునుపు అన్న సామెత ఇలాంటి రోజుల్లోనే గట్టిగా పనిచేస్తుంది. రచయిత కావడం, సొంతంగా కేఫ్ పెట్టడం, వ్యవసాయం చేయడం వంటి కలల్లో రోజువారీ శ్రమ ఎక్కడా కనిపించదు.

ఇక్కడ ఆరోగ్యం సంగతి కూడా చెప్పుకోవాలి. నిరుద్యోగానికీ మానసిక ఆరోగ్యానికీ ఉన్న సంబంధంపై వచ్చిన అధ్యయనాలను కలిపి 2009లో కార్స్టెన్ పాల్, క్లాస్ మోజర్ అనే పరిశోధకులు చేసిన విశ్లేషణలో, మానసిక సమస్యలు ఉన్నవారు ఉద్యోగుల్లో 16 శాతం కాగా నిరుద్యోగుల్లో 34 శాతం ఉన్నారు. డిప్రెషన్‌ను గుర్తించడానికి వైద్యులు చూసే రెండు ప్రధాన లక్షణాల్లో ఒకటి దిగులు, రెండోది అంతకుముందు ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోవడం. రోజులో ఎక్కువసేపు, దాదాపు ప్రతిరోజూ, రెండు వారాలపాటు ఇలా ఉంటే డాక్టర్‌ని కలవాలి. ఆసక్తుల ప్రశ్నావళిలో ప్రతిదానికీ ‘ఇష్టం లేదు’ అని గుర్తు పెట్టిన మనిషికి తగిన వృత్తి లేదని అర్థం చేసుకోకూడదు. ముందు ఆ మనిషి ఎలా ఉన్నారో అడగాలి. కెరీర్ కౌన్సెలర్లు ఈ ఒక్క జాగ్రత్త తీసుకున్నా ఎంతోమందికి మేలు జరుగుతుంది.

ఉద్యోగం పోయాక కలిగే లోటులో కొంత భాగానికి అసలు పనితో సంబంధమే లేదు. ఆస్ట్రియాలో మరియెన్తాల్ అనే చిన్న ఊరిని పోషించిన బట్టల మిల్లు మూతపడ్డాక, అక్కడివారి జీవితాన్ని మారీ యహోదా, మరికొందరు పరిశోధకులు దగ్గరగా గమనించి 1933లో ప్రచురించారు. చేతిలో ఎంత ఖాళీ సమయం ఉన్నా జనం దాన్ని వాడుకోలేకపోయారు. గ్రంథాలయం నుంచి పుస్తకాలు తీసుకెళ్లడం కూడా తగ్గిపోయింది. వీధిలో మగవాళ్ల నడక సైతం నెమ్మదించింది. తర్వాతి కాలంలో యహోదా ఉద్యోగం జీతంతోపాటు ఇచ్చే అయిదు విషయాలను పేర్కొన్నారు: రోజుకు ఒక క్రమం, ఇంటి బయటి మనుషులతో పరిచయం, పదిమందితో కలిసి ఒక లక్ష్యం కోసం పనిచేయడం, సమాజంలో ఒక గుర్తింపు, తప్పనిసరిగా చేయాల్సిన పని ఒకటి ఉండటం. కాబట్టి ‘నాకు పాత ఉద్యోగమే కావాలి’ అనేవారికి నిజంగా కావాల్సింది ఆ పనేనా, లేక పొద్దున్నే తయారై వెళ్లడానికి ఒక చోటూ, మాట్లాడటానికి మనుషులా అన్నది విడిగా చూసుకోవాలి. రెండోదే అయితే ఆ లోటును ఇంకో విధంగా కొంతవరకు తీర్చుకోవచ్చు. అప్పుడు ఉద్యోగం ఎంపికలో తొందర తగ్గుతుంది.

రాజీ పడాల్సి వచ్చినప్పుడు మనిషి ముందుగా దేన్ని వదులుకుంటాడు? అమెరికన్ మనస్తత్వవేత్త లిండా గాట్‌ఫ్రెడ్సన్ 1981లో ప్రతిపాదించిన సిద్ధాంతం దీనికి ఒక వరుస చెప్పింది. అన్నిటికంటే ముందు త్యాగమయ్యేది ఆసక్తి. ఆ తర్వాత హోదా. ఆడవాళ్ల పని, మగవాళ్ల పని అన్న భావన అన్నిటికంటే చివర. ఆమె ప్రధానంగా పిల్లలు, యువత వృత్తులను ఎంచుకునే తీరు గురించి రాశారు. ఈ వరుస అన్నివేళలా నిలబడుతుందా అన్న చర్చ కూడా పరిశోధకుల్లో ఉంది. అయినా లేఆఫ్ అయిన నిపుణుల నిర్ణయాలు చూస్తే మొదటి రెండింటి వరుస బాగా తెలిసినట్టే అనిపిస్తుంది. సీనియర్ మేనేజర్ అనే పేరు నిలబెట్టుకోవడం కోసం, తనకు ఏమాత్రం ఇష్టం లేని పనికి ఒప్పుకునేవారు చాలామంది. తనకు ప్రాణమైన డిజైన్ పని దొరుకుతున్నా, పదవి ఒక మెట్టు తక్కువని వదిలేసేవారూ ఉన్నారు. బంధువులకు, పాత సహోద్యోగులకు ఏం చెప్పాలన్న మొహమాటం ఇందులో పెద్ద పాత్ర పోషిస్తుంది. దీన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. సమాజం మనిషికి ఇచ్చే విలువ పదవితోనే ముడిపడి ఉన్నప్పుడు, ఆ పదవిని పట్టుకుని వేలాడటం బలహీనత కాదు. కానీ నిర్ణయం తీసుకునే ముందు, వదులుకుంటున్నది ఆసక్తినా హోదానా అన్నది స్పష్టంగా తెలియడం మంచిది.

దీనికి మనస్తత్వవేత్త ఎడ్గార్ షైన్ వాడిన ‘లంగరు’ అన్న మాట ఉపయోగపడుతుంది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో చదివి ఉద్యోగాల్లోకి వెళ్లిన కొందరిని ఆయన ఏళ్ల తరబడి గమనించారు. తమకు నప్పని ఉద్యోగాల్లోకి వెళ్లినప్పుడు, ఏదో తమను వెనక్కి లాగినట్టు అనిపించిందని వారు చెప్పారు. ఎంత కష్టకాలం వచ్చినా మనిషి వదులుకోలేని విషయాన్ని షైన్ కెరీర్ లంగరు అన్నారు. ఒకరికి అది సాంకేతిక నైపుణ్యం, ఒకరికి మనుషులను నడిపించడం, ఇంకొకరికి స్వేచ్ఛ, మరొకరికి భద్రత, వేరొకరికి సేవ లేదా కుటుంబంతో సమతూకం. సాధారణ రోజుల్లో లంగరు నీటి అడుగున ఉంటుంది కాబట్టి కనిపించదు. ఉద్యోగం ఉన్నంతకాలం భద్రత, స్వేచ్ఛ, నైపుణ్యం అన్నీ ఒకే చోట దొరికినట్టు ఉంటాయి. అది పోయాక వచ్చే ప్రతి కొత్త అవకాశమూ వాటిలో ఒకటి ఇచ్చి ఇంకొకటి అడుగుతుంది. ఫ్రీలాన్స్ పని స్వేచ్ఛ ఇచ్చి భద్రత తీసుకుంటుంది. పెద్ద సంస్థలో కింది స్థాయి పని భద్రత ఇచ్చి అధికారం తీసుకుంటుంది. తన లంగరు ఏదో మనిషికి ఇలాంటి బేరాల్లోనే అర్థమవుతుంది. ఉద్యోగం పోవడం వల్ల కలిగే మేలు ఏదైనా ఉందంటే బహుశా ఇదొక్కటే.

డబ్బు లెక్కలను పక్కన పెట్టి ఆసక్తి గురించి మాట్లాడటం అన్యాయం. ఒకే సంస్థలో చాలా ఏళ్లు పనిచేసి, మూకుమ్మడి లేఆఫ్‌లలో ఉద్యోగం పోయిన పెన్సిల్వేనియా కార్మికుల సంపాదనను లూయిస్ జేకబ్సన్, రాబర్ట్ లలోండ్, డేనియల్ సల్లివన్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించి 1993లో ప్రచురించారు. అయిదారేళ్ల తర్వాత కూడా వారి ఆదాయం, ఉద్యోగం పోకుండా ఉంటే వచ్చేదానికంటే సుమారు 25 శాతం తక్కువగానే ఉంది. పరిశ్రమ మారినవారికి నష్టం ఇంకా ఎక్కువ ఉంటుందని ఇతర అధ్యయనాలూ చూపాయి. ఏళ్ల అనుభవంలో ఒక భాగం ఆ సంస్థకు, ఆ రంగానికి మాత్రమే పనికొచ్చేది కావడం దీనికి కారణం. ‘మనసుకు నచ్చింది చేయండి, డబ్బు దానంతటదే వస్తుంది’ అనే సలహా ఈ వాస్తవాన్ని దాచిపెడుతుంది. ఇంటి లోను, పిల్లల ఫీజులు ఉన్న మనిషికి అలాంటి సలహా ఇవ్వడం బాధ్యతారాహిత్యం.

ఆసక్తిని, డబ్బును రెండింటినీ కాపాడే దారి చాలావరకు పక్క గదిలో ఉంటుంది. హాలండ్ తన ఆరు రకాలను షడ్భుజి మూలల్లో పెట్టారు. పక్కపక్కన ఉన్నవి ఒకదానికొకటి దగ్గర, ఎదురెదురుగా ఉన్నవి దూరం. విశ్లేషణ పని నుంచి సృజన పనికో, యంత్రాల పనికో జరగడం తేలిక. అక్కడి నుంచి నేరుగా అమ్మకాల్లోకి దూకడం కష్టం. పాత అనుభవంలో సగానికి పైగా వెంట తీసుకెళ్లగలిగే మార్పులో జీతం మరీ దిగజారదు, ఇంటర్వ్యూలో ‘ఎందుకు మారుతున్నారు?’ అన్న ప్రశ్నకు నమ్మదగిన జవాబూ ఉంటుంది. బగ్‌లు వెతకడం ఇష్టమైన టెస్టింగ్ ఇంజనీర్‌కి సైబర్ భద్రత పక్క గది. క్లాసులు చెప్పడం ఇష్టమైన నర్సుకి ఆసుపత్రి సిబ్బంది శిక్షణ పక్క గది.

ఆ పక్క గదులు ఎక్కడున్నాయో కనుక్కోవడానికి టెస్టు కంటే మంచి ఆధారం పాత క్యాలెండర్. గత రెండేళ్ల మీటింగులు, ఈమెయిల్స్, ప్రాజెక్టు ఫైళ్లు తిరగేసి, టైమ్ తెలియకుండా చేసిన పనులు ఏవో, రేపటికి వాయిదా వేస్తూ వచ్చినవి ఏవో ఒక కాగితం మీద విడివిడిగా రాసుకోవాలి. ‘నాకేం ఇష్టం?’ అని బాధలో ఉన్న మనసును అడిగితే అది ఇవాళ్టి మూడ్‌ను చెబుతుంది. క్యాలెండర్ మాత్రం ఉద్యోగం ఉన్న రోజుల నాటి ప్రవర్తనను చెబుతుంది. అడగకుండానే ఒకరికి సాయం చేసిన పనులు, జీతంలో లేకపోయినా భుజాన వేసుకున్న బాధ్యతలు ఈ జాబితాలో చాలా విలువైనవి.

జాబితాలో తేలిన పనులు బయట ఎవరు చేస్తున్నారో తెలుసుకోవడానికి మనుషులు కావాలి. దగ్గరి స్నేహితులు ఇక్కడ తక్కువ ఉపయోగపడతారు, ఎందుకంటే వారికి తెలిసినది చాలావరకు మనకూ తెలుసు. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని న్యూటన్‌లో ఉద్యోగం మారిన నిపుణులను, సాంకేతిక సిబ్బందిని, మేనేజర్లను అడిగి 1973లో ప్రచురించిన వ్యాసంలో ఇది స్పష్టంగా కనిపించింది. పరిచయాల ద్వారా ఉద్యోగం తెలుసుకున్నవారిలో ప్రతి అయిదుగురిలో నలుగురికి పైగా ఆ సమాచారం తామెప్పుడో ఒకసారి, లేదా అరుదుగా కలిసే మనిషి నుంచే వచ్చింది. పాత ప్రాజెక్టులో కలిసిన క్లయింటు, ఎప్పుడో ఉద్యోగం మారిన సహోద్యోగి, కాన్ఫరెన్సులో పరిచయమైన మనిషి, ఇలాంటివారికి ఫోన్ చేయడానికి చాలామంది సిగ్గుపడతారు. ‘ఉద్యోగం ఇప్పించండి’ అని కాకుండా ‘మీ రోజు ఎలా గడుస్తుంది, ఇందులో విసుగొచ్చే భాగం ఏది?’ అని అడిగితే ఆ సిగ్గు సగం తగ్గుతుంది. విసుగు గురించి అడగడం ముఖ్యం. దూరపు కొండ దగ్గర నుంచి ఎలా ఉంటుందో ఆ జవాబులో తెలుస్తుంది.

కోపం తగ్గకుండా మొదలుపెట్టిన అన్వేషణ మాత్రం తరచూ దారి తప్పుతుంది. 1994లో స్టెఫనీ స్పెరా, జేమ్స్ పెనిబేకర్, మరొక పరిశోధకుడు కలిసి, కొత్తగా ఉద్యోగం పోయిన 63 మంది నిపుణులతో ఒక ప్రయోగం చేశారు. కొందరిని వరుసగా కొన్ని రోజులపాటు ఉద్యోగం పోవడం గురించి మనసులో ఉన్నదంతా రాయమన్నారు. వేరే విషయాలు రాసినవారితో, అసలేమీ రాయనివారితో పోలిస్తే వీరికి త్వరగా ఉద్యోగాలు దొరికాయి. వీరు ఎక్కువ దరఖాస్తులు పెట్టలేదు, ఎక్కువ ఫోన్లూ చేయలేదు. ఇంటర్వ్యూలో పాత యాజమాన్యం మీద కోపం బయటపడకపోవడం ఒక కారణం అయి ఉండవచ్చు. చిన్న ప్రయోగమే అయినా, గుర్తుపెట్టుకోదగినది.

చివరికి చాలామంది చేరేది తాత్కాలిక ఉద్యోగంలోనే. ఈఎంఐలు ఆగవు, ఉద్యోగం పోయినప్పుడు కంపెనీ ఇచ్చిన సెవరెన్స్ డబ్బు అయిపోతుంది, వచ్చింది ఒప్పుకోక తప్పదు. దీన్ని ఓటమిగా భావించేవారు, అందులో చేరిన రోజునే ఆసక్తి గురించి ఆలోచించడం మానేస్తారు. కానీ జీతం రావడం మొదలయ్యాక మనసు కుదుటపడుతుంది, మొదటి రెండు దశల్లో కూడా లేని ప్రశాంతత దొరుకుతుంది. క్యాలెండర్ చూసి రాసిన ఆ కాగితాన్ని మళ్లీ తీయడానికి అనువైన సమయం అప్పుడే. చేరిన రోజునే ఆరు నెలల తర్వాతి ఒక తేదీని ఫోన్‌లో గుర్తుపెట్టుకుని, ఆ రోజు కొత్త ఉద్యోగంలో టైమ్ తెలియకుండా చేసిన పనులు ఏవో పాత జాబితా పక్కన రాసుకోవచ్చు. రెండు జాబితాల్లోనూ ఒకే పని కనిపిస్తే, తర్వాతి ఉద్యోగానికి వెతుకులాట ఆ పని దగ్గర మొదలవుతుంది.